తీగకు రెండు కొసలు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న దీవించి రాస్తున్నది.

రెండు దేశాల సరిహద్దు మీదుగా పోయే రహదారిలో పెద్ద లారీల చార్జింగ్ స్టేషన్లనూ అక్కడి కరెంటు గ్రిడ్‌నూ కలిపే డిజిటల్ వేదికకు యూరోపియన్ యూనియన్ గ్రాంటు అడగబోతున్నావనీ, దరఖాస్తు భారం నీ మీదే పెట్టారనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఛాతీ పొంగింది. ఆ తర్వాత నువ్వు పంపిన ఆరు పేజీల నోటు చదివాను. అందులో నాలుగు పేజీలు తెరల బొమ్మలే. మ్యాపులు, రంగులు, గడియారపు ముళ్ళు! సరిహద్దు గురించి మాత్రం ఒకే ఒక్క పేరా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది తల్లీ. కోప్పడకుండా చివరిదాకా చదువు.

ముందు ఏ తలుపు తట్టాలో చూసుకో. మీరు అడగబోయేది కనెక్టింగ్ యూరప్ ఫెసిలిటీ అనే యూనియన్ నిధిని, అందరూ దాన్ని సీఈఎఫ్ అంటారు. 2021 నుంచి 2027 వరకు దానికి దాదాపు 3,371 కోట్ల యూరోలు కేటాయించారు. అందులో రవాణాకు 2,581 కోట్లు, ఇంధనానికి 584 కోట్లు, డిజిటల్‌కు 207 కోట్లు. అంకెలు చూసి రవాణా వైపు పరుగెత్తకు. రవాణా, ఇంధన భాగాలను సినియా అనే ఏజెన్సీ నడుపుతుంది, డిజిటల్‌ను హాడియా అనే ఇంకో ఏజెన్సీ నడుపుతుంది. రవాణాకో ఇంధనానికో నేరుగా ముడిపడిన డిజిటల్ వేదికలకు డిజిటల్ భాగంలోనే ఆపరేషనల్ డిజిటల్ ప్లాట్‌ఫామ్స్ అనే పద్దు ఉంది. నీ పని అక్కడిది. చార్జర్లూ, ట్రాన్స్‌ఫార్మర్లూ, సివిల్ పనులూ అక్కడివి కావు. మీ భాగస్వాములెవరైనా చార్జర్ల కోసం సినియా దగ్గర ఇప్పటికే గ్రాంటు తీసుకుని ఉంటే ఆ ఒప్పందం తెప్పించుకుని ఖర్చుల పట్టిక వరుస వరుసా చదువు. ఒకే మోడెమ్ రెండు గ్రాంట్లలో కనిపిస్తే ఆడిటర్ వదలడు.

దరఖాస్తు వేసే పోర్టల్ పనులు ఒక్క ముక్కలో: ప్రతి భాగస్వామికీ పిఐసి అనే తొమ్మిదంకెల గుర్తింపు నంబరు ఉండాలి, సంస్థ కాగితాల ధ్రువీకరణ ముందే మొదలెట్టించాలి, గడువు రోజు సాయంత్రం దాకా అప్‌లోడ్ కోసం ఆగకూడదు. ఇంతే.

డబ్బు లెక్కలో తడబడేది వేరే చోట. డిజిటల్ పనులకు యూనియన్ ఇచ్చే వాటా మామూలుగా 30 శాతం మించదు. సరిహద్దు దాటే స్వభావం గట్టిగా ఉన్నవాటికి 50 శాతం దాకా పెంచవచ్చు. అధ్యయనాలకు కూడా 50 శాతమే. మీ పిలుపు పత్రంలో, అంటే దరఖాస్తులు కోరుతూ ఏజెన్సీ వేసిన ప్రకటనలో, ఏ శాతం రాశారో అదే చట్టం. మిగతా డబ్బు ఎవరి ఖజానా నుంచి, ఏ సంవత్సరం వస్తుందో బోర్డు తీర్మానంతో చూపించు. 'భాగస్వాములు భరిస్తారు' అని రాస్తే చెల్లదు. మీ జట్టులో సగంమంది హొరైజన్ పరిశోధన గ్రాంట్ల నుంచి వచ్చినవాళ్ళు కదా, చేతి అలవాటుగా 25 శాతం ఓవర్‌హెడ్ (పరోక్ష ఖర్చులు) వేసేస్తారు. అది అక్కడి రేటు, ఇక్కడికి తేవద్దు. తిరిగి రాబట్టుకోగల వ్యాట్ లెక్కలోకి రాదు. సర్వర్ గది కోసం స్థలం కొంటామంటే అదీ రాదు. ఇంకొక మాట: 'వినూత్న అల్గారిదమ్', 'ప్రయోగాత్మకంగా' లాంటివి నీ నోటులో పదకొండు చోట్ల ఉన్నాయి. సీఈఎఫ్ కట్టేవాళ్ళకు డబ్బిస్తుంది, కనిపెట్టేవాళ్ళకు కాదు. అవి కొట్టేయి.

మార్కులు అయిదు అంశాల మీద: ప్రాధాన్యం–అత్యవసరం, సంసిద్ధత, నాణ్యత, ప్రభావం, పెట్టుబడిని కదిలించే శక్తి. ఒక్కోదానికి 5, మొత్తం 25. ప్రతిదాంట్లో కనీసం 3, మొత్తం మీద 15 రావాలి. ఇలాంటి వేదికలు మునిగేది సంసిద్ధత దగ్గర. పిలుపు అడిగే మద్దతు లేఖలు చూడు: రెండు దేశాలు, ఒక్కో దేశంలో రవాణా శాఖ ఒకటి, ఇంధన శాఖ ఒకటి. అంటే నాలుగు బల్లలు దాటాలి. లేఖ ముసాయిదా నువ్వే రాసి, వాళ్ళ భాషలో, ఈ వారమే పంపు. దరఖాస్తు రాయడానికి పట్టే కాలం కంటే ఆ సంతకాలకు పట్టే కాలం ఎక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ సరిహద్దు పేరా చదివినప్పటి నుంచి నా బుర్రలో 2006 నవంబర్ 4 రాత్రి తిరుగుతోంది. గ్రిడ్ పని చేసినవాళ్ళెవరూ ఆ రాత్రిని మరిచిపోరు. నువ్వప్పటికి బడిలో ఉన్నావు.

జర్మనీ వాయవ్యంలో ఎమ్స్ నది. పాపెన్‌బర్గ్ షిప్‌యార్డులో తయారైన నార్వేజియన్ పెర్ల్ అనే పెద్ద ఓడ సముద్రంలోకి పోవాలి. దాని కోసం నది మీదుగా వెళ్ళే 380 కిలోవోల్టుల కోనెఫోర్డే–డీలే జంట లైను ఆపాలి. నదిలో ఓడ పోవడం, అందుకు లైను ఆపడం అక్కడ కొత్తేమీ కాదు. మొదట అనుకున్న వేళ అర్ధరాత్రి దాటాక, 5వ తేదీ ఒంటిగంట. 3వ తేదీ మధ్యాహ్నం షిప్‌యార్డు ఆ వేళను మూడు గంటలు ముందుకు జరపమంది. ఆ గ్రిడ్ సంస్థ ఈఓఎన్ నెట్స్ సరేనంది. పొరుగు గ్రిడ్‌లైన ఆర్‌డబ్ల్యుఈకీ, నెదర్లాండ్స్ టెన్నెట్‌కీ ఆ మార్పు తెలిసింది మాత్రం 4వ తేదీ సాయంత్రం ఏడింటికి. 21:38కి ఒక సర్క్యూట్, 21:39కి రెండోది ఆపేశారు. ఆపాక ఇంకో లైను కూడా పోతే గ్రిడ్ తట్టుకోగలదో లేదో లెక్క కట్టలేదు, అనుభవం మీద సరిపోతుందనుకున్నారు.

లాండెస్‌బెర్గెన్–వేరెన్‌డార్ఫ్ అని ఇంకో లైను ఉంది. ఒక కొస ఈఓఎన్‌ది, రెండో కొస ఆర్‌డబ్ల్యుఈది. రెండు కొసల్లోనూ ప్రవాహం మితిమీరితే లైనును తెంచే రక్షణ రిలేలు ఉన్నాయి, కానీ వాటిలో పెట్టిన పరిమితులు వేరు. వేరెన్‌డార్ఫ్ వైపు పరిమితి తక్కువ. 21:41కి ఫోన్‌లో అవతలివాళ్ళు తమ వైపు భద్రతా పరిమితి 1,795 ఆంపియర్లని చెప్పారు. ఈఓఎన్ వాళ్ళ లెక్కలో ఆ అంకె లేదు. 22:05 దాటాక ప్రవాహం పెరిగి ఆ గీత దాటింది. 22:08కి వెంటనే ఏదైనా చెయ్యమని మళ్ళీ ఫోన్ వచ్చింది. లాండెస్‌బెర్గెన్ సబ్‌స్టేషన్లో రెండు బస్‌బార్లు (లైన్లు వచ్చి చేరే లోహపు కడ్డీలు) కలిపితే 80 ఆంపియర్లు తగ్గుతాయని అంచనా వేశారు. లెక్క కట్టే తీరిక లేదు. 22:10:11కి కలిపారు. తగ్గాల్సింది పోయి 67 ఆంపియర్లు పెరిగింది. రెండే రెండు సెకన్లలో లైను ట్రిప్పయింది. ఒకదాని వెనక ఒకటిగా లైన్లు పడిపోయి, 22:10:28కల్లా ఖండపు గ్రిడ్ మూడు ముక్కలైంది. పడమటి ముక్కలో ఫ్రీక్వెన్సీ 50 నుంచి దాదాపు 49 హెర్ట్జ్‌కు జారింది. రిలేలు సుమారు 17,000 మెగావాట్ల లోడును కోసేశాయి. ఒకటిన్నర కోటికి పైగా ఇళ్ళు చీకట్లో కూర్చున్నాయి. ఈశాన్యపు ముక్కలో కరెంటు ఎక్కువై ఫ్రీక్వెన్సీ 51 దాటింది. ముక్కలన్నీ మళ్ళీ ఒక్కటవడానికి 38 నిమిషాలు పట్టింది.

ఇందులో ఏ యంత్రమూ చెడిపోలేదు, తుఫాను లేదు, దాడి లేదు. ఆ అంకె ఉంది. అది అవతలి కొసన ఒక పెట్టెలో ఉంది, ఇవతలి మనిషి తెర మీద లేదు. నీ నోటులో ఆరో పేజీ చూడు: 'ఇరువైపుల ఆపరేటర్ల డేటా ఏకీకృతం చేయబడుతుంది.' ఎవరు చేస్తారు? ఏ అంకె? ఎన్ని క్షణాలకొకసారి? పరిమితి మారితే ముందు ఎవరికి తెలుస్తుంది? ఆ వాక్యం చదివి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

నీ వేదికకు ఇదే లెక్క ఎలా వర్తిస్తుందో చెప్తాను. ఇటు దేశంలో చార్జర్లు ఓసీపీపీ (చార్జర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే భాష) 1.6 మాట్లాడతాయనీ, అటువి 2.0.1 అనీ నువ్వే రాశావు. మొదటిదాంట్లో కనెక్టరుకు తొమ్మిది స్థితులు, రెండోదాంట్లో అయిదే. పాతదాంట్లో 'ఫినిషింగ్' అంటే చార్జింగ్ అయిపోయింది కానీ లారీ ఇంకా అక్కడే ఉంది. కొత్తదాంట్లో అది 'ఆక్యుపైడ్'లో కలిసిపోతుంది. మీ అనువాద పట్టిక రాసే కుర్రాడు ఫినిషింగ్‌ను ఖాళీ అని మార్చాడనుకో, సరిహద్దు దాటిన డ్రైవర్ చోటు లేని చోటికి వస్తాడు. ఇక కిలోవాట్లు. యూనియన్ 2023/1804 నంబరు నియంత్రణ ప్రకారం ప్రధాన రహదారుల మీద 2030 చివరికి ప్రతి 60 కిలోమీటర్లకూ లారీలకు 3,600 కిలోవాట్ల చార్జింగ్ చోటు ఉండాలి, అందులో కనీసం రెండు పాయింట్లు 350 కిలోవాట్లవి. ఆ 3,600 అంటే చార్జర్ల మొత్తమా, గ్రిడ్ కనెక్షన్ ఇచ్చేదా, ఈ పావుగంటలో నిజంగా దొరికేదా? మూడూ వేరు వేరు అంకెలు. మూడింటికీ మూడు గళ్ళు పెట్టు.

గుర్తుల గొడవ ఇంకోటి. ఇద్దరు ఆపరేటర్లూ తమలోకి వచ్చేదాన్నే ప్లస్ అంటారు. ఒకే సరిహద్దు ప్రవాహాన్ని ఇద్దరి దగ్గరా తీసుకుని కలిపితే సున్నా వస్తుంది, ఒకరిది తిప్పి కలిపితే రెట్టింపు వస్తుంది. ప్రతి కొలత పక్కనా కొలిచిన చోటు, దిశ, ఎవరి మీటరు అన్నది రాయించు. యూరప్ కరెంటు రంగమంతా వాడే పదహారు అక్షరాల ఈఐసీ గుర్తింపు కోడ్ ఉండనే ఉంది, సొంత పేర్లు కనిపెట్టొద్దు. సమయం యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే దాచు. మామూలు రోజుకు 96 పావుగంటలు, కానీ వేసవి వేళ కోసం అక్కడ గడియారం గంట ముందుకు జరిపే రోజు 92, వెనక్కి జరిపే రోజు 100. పరీక్షల్లో ఆ రెండు రోజులూ లేకపోతే అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున ఎవరో నిన్ను నిద్ర లేపుతారు.

అన్నిటికన్నా నేను భయపడేది ఆగిపోయిన అంకెకు. లింకు తెగినా తెర మీద పాత విలువ పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. ఖాళీ గడి చూస్తే మనిషి ఫోన్ ఎత్తుతాడు, పాత అంకె చూస్తే నమ్ముతాడు. అందుకని ప్రతి విలువకూ కొలిచిన వేళ, చేరిన వేళ రెండూ ఉండాలి. వయసు దాటితే రంగు మారడం కాదు, అంకె మాయమవ్వాలి. లింకు లేనప్పుడు చార్జర్ తన దగ్గర ముందే పెట్టిన స్థానిక పరిమితికి దిగిపోవాలి.

ఒక్కసారిగా ఆన్ చేయడం గురించి కూడా. 3,600 కిలోవాట్ల చోట్లు ఇరవై ఉంటే 72 మెగావాట్లు. పావుగంట మారగానే ధర తగ్గిందని అన్నీ కలిసి మొదలైతే గ్రిడ్ కుదుపుకు లోనవుతుంది. గంట మారే వేళల్లో ఖండంలో ఫ్రీక్వెన్సీ ఊగడం ఇప్పటికే ఉన్న జబ్బు, దానికి మీరు తోడవ్వకండి. మొదలయ్యే వేళను కొన్ని నిమిషాల మేర చెదరగొట్టండి, పెరిగే వేగానికి హద్దు పెట్టండి. దరఖాస్తులో ఒక పేజీ దీనికి ఇస్తే నాణ్యత మార్కులు కూడా దక్కుతాయి.

భద్రత అధ్యాయం పాత ఫైలు నుంచి అతికించినట్టుంది. సరిహద్దు దాటే విద్యుత్తుకు సైబర్ భద్రత నియమావళి 2024/1366 వచ్చింది. మీ గ్రిడ్ భాగస్వాములు దాని కిందకి వస్తారు, వాళ్ళ భద్రతాధికారిని ఇప్పుడే బల్ల దగ్గరకు పిలువు. చార్జర్ వైపు నుంచి గ్రిడ్ నియంత్రణ గదిలోకి ఏ ఆదేశమూ పోకూడదు, కొలతలు మాత్రమే పోవాలి. డిజిటల్ పిలుపులు యాజమాన్యం ఎవరి చేతుల్లో ఉందో డిక్లరేషన్ అడుగుతాయి. యూనియన్ బయటి వాటాదారు ఉన్న భాగస్వామి ఒకరైనా ఉంటే ముందే తేల్చుకో.

గ్రాంటు తర్వాత ఎవరు పోషిస్తారు? సర్వర్లు, లింకులు, రాత్రి షిఫ్టు మనుషులు. 2028 నుంచి 2034కు యూరోపియన్ కమిషన్ 2025 జులైలో పెట్టిన ప్రతిపాదనలో సీఈఎఫ్ కింద రవాణా, ఇంధనం మాత్రమే ఉన్నాయి. డిజిటల్ వేరే నిధిలోకి పోతుంది. కాబట్టి ఇదే గిన్నె మళ్ళీ దొరుకుతుందని లెక్కలు వెయ్యకు. భాగస్వామ్య ఒప్పందంలో మూడేళ్ళ నిర్వహణ ఖర్చు ఎవరెవరు ఎంతెంతో అంకెల్లో ఉండాలి. ఒప్పందం గ్రాంటు వచ్చాక రాసుకుందామన్నావట! గ్రాంటు వచ్చాక ఎవరి గొంతూ మెత్తగా ఉండదమ్మా. బిల్లులు, టైమ్‌షీట్లు ఆఖరి చెల్లింపు తర్వాత అయిదేళ్ళు దాచాలి, దానికీ ఒక మనిషిని పెట్టు.

ఎక్కువ తిట్టానేమో. నీ నోటులో ట్రాఫిక్ అంచనా భాగం మాత్రం బాగా కుదిరింది, దాన్ని కదపకు. రాత్రిళ్ళు మేలుకుని రాయడం మానెయ్యి, నీ తప్పులన్నీ మూడో పేజీ తర్వాతే ఉన్నాయి.

ఇప్పుడు తెరల బొమ్మలు పక్కన పెట్టి ఒక పట్టిక గియ్యి. ఎడమ గడిలో ఇటువైపు అంకె, కుడి గడిలో అటువైపు అంకె, మధ్యలో ఆ అంకె ఎవరు మార్చగలరు, మార్చితే ఎన్ని నిమిషాల్లో రెండోవాళ్ళకు తెలుస్తుంది. కుడి గడులు చాలావరకు ఖాళీగా ఉంటాయి, పరవాలేదు. ఖాళీలతోనే ఆదివారంలోగా నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న