బంగారు గుడ్లగూబలు

ప్రశ్న: మా చిన్నమ్మాయి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎం.ఎస్. చదువుతోంది. అక్కడి కౌన్సిల్ ఆఫీసు ఫొటో పంపింది. ముందు పెద్ద పెద్ద బంగారు గుడ్లగూబలు! మా అత్తమ్మ చూసి "అపశకునం" అంటోంది. నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది. - ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, అత్తమ్మగారికి ముందు ఒక మాట గుర్తు చేయండి. మన ఊళ్లల్లో గుడ్లగూబను ఏమంటాం? పైడికంటి. పైడి అంటే బంగారమే కదా! లీడ్స్ వాళ్లు కంటితో ఆగకుండా ఒళ్లంతా పూత పూశారు, అంతే.

ఆ పక్షి అక్కడికి ఓ ఇంటి గుర్తుగా వచ్చింది. 1626లో మొదటి చార్లెస్ రాజు లీడ్స్‌కు పట్టణ హోదా ఇచ్చినప్పుడు సర్ జాన్ సావిల్ మొదటి ఆల్డర్‌మన్, అంటే పట్టణ పాలకవర్గానికి పెద్ద. ఆయన వంశచిహ్నంలోని గుడ్లగూబలే పట్టణ ముద్రలోకి ఎక్కాయి. అదే ముద్రలో వేలాడే గొర్రె ఉన్ని కూడా ఉంటుంది, ఊరు బతికింది ఉన్ని బట్టల మీదే మరి. వరంగల్ కొత్తవాడ తివాచీలు తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా? మన రాష్ట్ర ముద్రలో కాకతీయ తోరణం ఉన్నట్టే అనుకోండి.

మీరు ఫొటోలో చూసిన కౌన్సిల్ ఆఫీసు పేరు సివిక్ హాల్, 1933 నాటిది. ఆర్థిక మాంద్యంలో పని లేనివాళ్లకు కూలి దొరకాలనే కట్టించారు. నాకైతే గుడ్లగూబల కన్నా ఈ సంగతే నచ్చింది.

దగ్గర్లోనే 1858లో విక్టోరియా రాణి ప్రారంభించిన టౌన్‌హాల్ ఉంది. దాని ముందరి రాతి సింహాలు అర్ధరాత్రి లేచి తిరుగుతాయని అక్కడ ఓ కథ. అత్తమ్మగారికి ఇది మాత్రం చెప్పకండి.