కాన్పు బ్యాగులో ముందు ఫైలు, తర్వాతే బట్టలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 27 ఏళ్లు. తొలి కాన్పు. ఇప్పుడు 34వ వారం నడుస్తోంది. అక్టోబరు మూడో వారానికి డేట్ ఇచ్చారు. మేం ఉండేది కూర్మన్నపాలెంలో, చూపించుకుంటున్నది మహారాణిపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. మా ఆయనకు స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. అమ్మ వచ్చే నెల మొదట్లో టెక్కలి నుంచి వస్తానంది. ఆసుపత్రికి తీసుకెళ్లే బ్యాగు ఇప్పుడే సర్దుకోమని స్నేహితురాలు వాట్సాప్‌లో 60 వస్తువుల జాబితా పంపింది. బిడ్డ పుట్టకముందే ఏమీ కొనకూడదని అత్తయ్యగారు అంటున్నారు. నాది ఓ నెగెటివ్, మా ఆయనది బీ పాజిటివ్. రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. అసలు ఏం సర్దుకోవాలి? ఎప్పుడు సర్దుకోవాలి?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ఇప్పుడే మొదలుపెట్టండి. 37 వారాలు నిండకుండానే నొప్పులు వచ్చేవాళ్లు ఉంటారు. ఆ సమయానికి అమ్మ టెక్కలిలో, ఆయన నైట్ షిఫ్టులో ఉంటే సర్దిపెట్టే మనిషే ఉండరు. 36వ వారం వచ్చేసరికి బ్యాగు తలుపు దగ్గర ఉండాలి.

ఆ 60 వస్తువుల జాబితా మాత్రం పక్కన పెట్టేయండి. నేను చెప్పే లెక్క ఒకటే. అర్ధరాత్రి మందుల షాపులో డబ్బిస్తే దొరికేదాన్ని మర్చిపోయినా కొంప మునగదు. డబ్బిచ్చినా దొరకనిదాన్ని మర్చిపోకూడదు. డైపర్లు, ప్యాడ్లు, దూది, సబ్బు మొదటి రకం. మహారాణిపేటలో, అందులోనూ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల, మందుల షాపులకు కొదవ లేదు. మీ రిపోర్టులు, మీ కళ్లజోడు, మీ గ్రూపు రక్తం ఇవ్వగల మనిషి ఫోన్ నంబరు రెండో రకం. వాట్సాప్ జాబితాల్లో ముప్పాతిక వంతు మొదటి రకమే ఉంటుంది.

అందుకే ముందు ఫైలు సంగతి. ఇన్నాళ్లూ మిమ్మల్ని చూసిన డాక్టరు మీరు వెళ్లిన వేళకి అక్కడ ఉండకపోవచ్చు. డ్యూటీలో ఉన్నవాళ్లకి మీ గురించి ఏమీ తెలియదు. సిస్టరు ఒక చేత్తో బీపీ పట్టీ చుడుతూ "రిపోర్టులేవమ్మా?" అంటుంది. అప్పుడు బయటికి వచ్చేది బట్టల షాపు క్యారీబ్యాగు. అందులో స్కాన్ ఫిల్ములు, సీమంతం ఫొటో, కరెంటు బిల్లు, మడతల దగ్గర చిరిగిన నాలుగు చీటీలు. బ్లడ్ గ్రూపు కాగితం మాత్రం ఉండదు. "బీరువాలో ఉందండీ" అంటారు వెంట వచ్చినవాళ్లు. ఇది చూడకుండా నాకు నెల గడవదు. గ్రూపు నోటితో చెబితే సరిపోదు, రక్తం ఎక్కించే ముందు మళ్లీ పరీక్ష ఎలాగూ చేస్తారు. కానీ నెగెటివ్ అని కాగితం మీద కనపడితే ఏర్పాట్లు ఆ క్షణం నుంచే మొదలవుతాయి.

పాతిక రూపాయల ప్లాస్టిక్ ఫైలు ఒకటి కొనండి. బిడ్డ కోసం కాదు కాబట్టి అత్తయ్యగారు కూడా కాదనరు. పైన మార్కరు పెన్నుతో పెద్దక్షరాల్లో రాయండి: మీ పేరు, ఓ నెగెటివ్, థైరాయిడ్ మాత్ర ఎంత డోసు, ఏదైనా మందు పడకపోతే ఆ మందు పేరు, ఆయన నంబరు, ఆయన ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చెయ్యాలో ఆ నంబరు. లోపల అన్నిటికన్నా పైన చివరి స్కాన్, దాని కింద టిఫా స్కాన్ (అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూసేది), తర్వాత రక్తపరీక్షలు. ఈమధ్య చేసిన హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ రిపోర్టులతోపాటు హెచ్ఐవీ, హెపటైటిస్-బీ, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష) రిపోర్టులు తప్పకుండా ఉండాలి. తల్లికి హెపటైటిస్-బీ ఉంటే బిడ్డకు పుట్టిన 12 గంటల్లోపే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తాం. రిపోర్టు లేకపోతే ఆ కొద్ది గంటలూ పరీక్షలకే పోతాయి. అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఉంటే అదీ పెట్టండి. ఇద్దరి ఆధార్ కార్డుల నకళ్లు, ఇన్సూరెన్సు కార్డు కూడా. ఇవన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి మీ ఆయనకూ అమ్మకూ పంపేయండి.

ఇక మీ ఓ నెగెటివ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బ్యాగు మిగతావాళ్ల బ్యాగులా ఉండదు. ఆయన పాజిటివ్ కాబట్టి బిడ్డ పాజిటివ్ అయ్యే అవకాశం ఉంది. కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంచెం మీ రక్తంలో కలిస్తే, దానికి విరుగుడుగా మీ ఒంట్లో పాజిటివ్ రక్తకణాలను దెబ్బతీసే యాంటీబాడీలు తయారు కావచ్చు. ఈ బిడ్డకు దానివల్ల ప్రమాదం లేదు, ఇబ్బంది తర్వాతి బిడ్డకు. దాన్ని ఆపడానికే యాంటీ-డీ ఇంజెక్షన్. పుట్టిన వెంటనే బొడ్డుతాడు నుంచి రక్తం తీసి బిడ్డ గ్రూపు చూస్తారు. పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మీకు ఇంజెక్షన్ పడాలి. నెగెటివ్ అయితే అక్కర్లేదు. ఇది ఖరీదైన మందు, ఫ్రిజ్‌లోనే ఉండాలి, అన్ని షాపుల్లోనూ దొరకదు. ముందే కొని బ్యాగులో పెట్టుకుంటే పాడైపోతుంది. అందుకని వచ్చే చెకప్‌లో మీ ఆసుపత్రి ఫార్మసీలో ఉందో లేదో అడగండి. లేదంటే తెప్పించి పెట్టమనండి.

28వ వారంలో మీకు ఒక యాంటీ-డీ ఇచ్చే ఉంటారు. ఆ తేదీ ఫైలులో ఉందో లేదో చూసుకోండి. ఆ ఇంజెక్షన్ తర్వాత చేసిన ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష (మీ రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) దానివల్లే పాజిటివ్ అని రావచ్చు. తేదీ తెలియని డాక్టరు అది చూసి యాంటీబాడీలు నిజంగానే తయారయ్యాయనుకుంటే, ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఇవ్వకుండా వదిలేసే ప్రమాదం ఉంది. ఒక్క తేదీ రాసి ఉంటే ఈ గందరగోళం ఉండదు.

రక్తం అవసరం పడుతుందని కాదు, చాలామందికి పడదు. పడితే మాత్రం ఓ నెగెటివ్ వాళ్లకి ఓ నెగెటివ్ రక్తమే ఎక్కించాలి. మన దేశంలో నెగెటివ్ గ్రూపు వాళ్లు నూటికి అయిదుగురికి అటూఇటూగా ఉంటారు. దాత పరుగెత్తుకొచ్చినా ఆ రక్తానికి పరీక్షలన్నీ అయ్యాకే ఎక్కిస్తారు, అప్పటికప్పుడు జరిగేది కాదు. మీ ఆయన ప్లాంటులో సహోద్యోగులను ఇప్పటినుంచే వాకబు చేస్తే ఒకరిద్దరు దొరుకుతారు. వాళ్ల నంబర్లు ఫైలు లోపలి అట్ట మీద రాయండి. 36వ వారం చెకప్‌లో బ్లడ్ బ్యాంకు సంగతి మీ డాక్టరుతో మాట్లాడుకోండి.

అత్తయ్యగారి మాటకొద్దాం. ఈ విషయంలో నేను ఆవిడ పక్షమే. పసిబిడ్డకు కొత్త బట్టల అవసరం లేదు. గంజి, రంగు, లేబుళ్లు ఉండే కొత్త బట్టకన్నా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర ముక్కే ఆ చర్మానికి హాయి. అమ్మని రెండు పాత నూలు చీరలు, మీ నాన్నగారి పంచె ఒకటి చింపి, ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి తెమ్మనండి. కొనాల్సినవి ఏమైనా మిగిలితే పురుడు అయ్యాక కొంటారు.

ఒక్క జాగ్రత్త. ఆ చీరలు ఏళ్ల తరబడి ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉన్నవైతే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు మన దగ్గర ఉన్నారు. పుట్టినప్పుడు చూస్తే తెలియదు. అలాంటి బిడ్డకు కలరా ఉండల్లోని నాఫ్తలీన్ తగిలినా, పీల్చినా ఎర్రకణాలు విచ్ఛిన్నమై కామెర్లు ముదురుతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ ఘాటు ఏమాత్రం తెలిసినా ఆ గుడ్డ పక్కన పడేసి, రోజూ వాడే చీర తీసుకోండి.

బిడ్డకు టోపీ, మేజోళ్లు రెండేసి జతలు చాలు. ఈ ఉక్కపోతలో టోపీ ఏమిటని నవ్వుతారు మనవాళ్లు. తడిగా పుట్టిన బిడ్డ ఒంటి వేడి నిమిషాల్లో పడిపోతుంది, లేబర్ రూములో ఏసీ ఉంటే ఇంకా త్వరగా. తుడవడానికి ఒక మెత్తటి తువ్వాలు, చుట్టడానికి ఇంకోటి వేరుగా పెట్టి, వాటిని బ్యాగులో పైనే ఉంచండి. లోపలికి ముందు అడిగేది అవే.

మీకు ముందువైపు గుండీలో జిప్పో ఉన్న నైటీలు మూడు, మెత్తటి లోదుస్తులు, పాలిచ్చే బ్రాలు రెండు, జారని చెప్పులు. సిజేరియన్ అయితే లంగా బొందు కుట్ల మీద ఒరుసుకుంటుంది, బొడ్డు పైకి కట్టుకునేలా వదులుగా ఉన్నది పెట్టుకోండి. ప్యాడ్లు పెద్దవి ఒక ప్యాకెట్. థైరాయిడ్ మాత్రల స్ట్రిప్పు. కాన్పు హడావుడిలో అందరూ మానేసేది ఆ మాత్రే. మీరు వేసుకుంటున్నట్టు చెప్పి, ఎంత డోసు కొనసాగించాలో అడగండి. గోళ్ల రంగు ముందే తీసేయండి, ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికే పెడతారు. బంగారం ఇంట్లోనే ఉంచండి. ఆపరేషన్ అంటే గాజులు, మెట్టెలు, గొలుసు అన్నీ తీయమంటారు. తాళి తీయడానికి మనసొప్పకపోతే, గొలుసు బదులు పసుపుతాడుకు మార్చుకుని రండి.

పాల సీసా, పాలపొడి డబ్బా పెట్టుకోవద్దు. పాలపొడి, సీసాల ప్రచారాన్ని మన దేశంలో 1992లోనే చట్టం చేసి నిషేధించారు. మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ముర్రుపాలు చెంచాడే వచ్చినా మొదటి రోజు బిడ్డ పొట్టకు అవి చాలు. బిడ్డకు నిజంగా పోతపాలు అవసరమైతే మేమే చెబుతాం. తేనె, పంచదార నీళ్లు, ఆముదం, గ్రైప్ వాటర్ నాకించవద్దు. కాటుక, పౌడరు వద్దు. బొడ్డు మీద ఏమీ రాయొద్దు. ఇది మీకన్నా చూడటానికి వచ్చే చుట్టాలకు చెప్పాల్సిన మాట.

అమ్మకు వేరే సంచి ఉండాలి. లేబర్ రూములోకి తోడుగా ఆడవాళ్లనే రానిచ్చే ఆసుపత్రులే ఎక్కువ, కాబట్టి లోపల ఉండేది ఆవిడే. ఆవిడకో దుప్పటి, ప్లేటు, గ్లాసు, వేడినీళ్ల ఫ్లాస్కు, ఫోన్ ఛార్జరు. బీపీ, షుగరు మాత్రలు వేసుకుంటుంటే అవి కూడా. కూతురి కాన్పుకొచ్చి రెండు రోజులు మాత్రలు మర్చిపోయి, పక్క వార్డులో చేరిన అమ్మమ్మలను చూశాను. కాన్పయ్యాక మీకు నీళ్లు తగ్గించే పథ్యం మాత్రం ఆవిడ పెట్టకూడదు. పాలు పడాలన్నా, మలబద్ధకం రాకూడదన్నా దాహమేసినన్ని నీళ్లు తాగాలి. చెవుల్లో దూది పెడతానంటే పెట్టనివ్వండి, నష్టం లేదు.

మీ డేట్ అక్టోబరు అన్నారు. మనకు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. ఫోన్‌పే మీదే ఆధారపడకుండా కొంత నగదు, పవర్ బ్యాంకు, చిన్న టార్చిలైటు పెట్టుకోండి. డేట్ దగ్గరపడ్డాక తుపాను హెచ్చరిక వస్తే, ఒక రోజు ముందే ఆసుపత్రి దగ్గర్లో తెలిసినవాళ్ల ఇంటికి చేరడం గురించి డాక్టరుతో మాట్లాడండి. మామూలు రోజుల్లోనూ సాయంత్రం వేళ గాజువాక జంక్షన్ దాటడం మీకు తెలియంది కాదు. 108కి ఫోన్ చేస్తే ఉచితంగా వస్తుంది. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు కూడా ఉంచుకోండి.

నొప్పులు అయిదు నిమిషాలకోసారి, ఒక్కోటి దాదాపు నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరండి. ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం ఆగొద్దు. ప్యాడ్ పెట్టుకుని, నీరు ఏ రంగులో ఉందో చూసి వెంటనే వెళ్లండి, ఆకుపచ్చగా ఉంటే ఆ సంగతి లోపలికి వెళ్లగానే చెప్పాలి. రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా అంతే. 37 వారాల లోపు అప్పుడప్పుడూ వచ్చే నొప్పులైనా సరే, మీ అంతట మీరు తేల్చుకోకుండా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. మీది నెగెటివ్ గ్రూపు కాబట్టి, కొద్దిపాటి రక్తం కనిపించినా, పొట్టకు దెబ్బ తగిలినా ఫోన్ చేయడం కాదు, నేరుగా వచ్చేయండి.

డిశ్చార్జి రోజు బిల్లు హడావుడిలో జనన నమోదు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మీ ఇద్దరి పేర్లు, ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. 21 రోజుల్లోపు నమోదైతే ఆలస్య రుసుము ఉండదు, బిడ్డ పేరు తర్వాత చేర్చుకోవచ్చు. బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బీ టీకా, విటమిన్-కె ఇంజెక్షన్ వేసినట్టు, మీకు యాంటీ-డీ ఇచ్చినట్టు తేదీలతో సహా రాయించుకుని ఆ కాగితాలూ అదే ఫైలులో పెట్టండి.