చోటివ్వండి అని అడగడంలోనే సగం నాటకం ఉంది

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లో మీరుండే ఊరి మమ్మర్స్ (వేషాలు కట్టి పబ్బుల్లో పాత జానపద నాటకం ఆడేవాళ్లు) బృందం ఈ క్రిస్మస్‌కి మిమ్మల్ని కూడా వేషం కట్టమంది. ఒకే సాయంత్రం నాలుగు పబ్బులు తిరగాలి. టర్కీ నైట్, అంటే టర్కీ వీరుడి పాత్ర ఇస్తామన్నారు. మీరు మందు తాగరు, ఎప్పుడూ స్టేజి ఎక్కలేదు, మన యాసతో ఆ పాత ఇంగ్లీషు పద్యాలు చెబితే ఎలా ఉంటుందోనని టెన్షన్. ఒప్పుకోవాలా వద్దా?

ఒప్పుకోండి. నేను హ్యాంప్‌షైర్‌లో, బేసింగ్‌స్టోక్ దగ్గర ఒక చిన్న బృందంతో ఆరేళ్లుగా తిరుగుతున్నాను. మొదటి ఏడు నాకూ ఇవే భయాలు. అయితే మీరు దేని గురించి భయపడుతున్నారో దానివల్ల ఇబ్బంది రాదు, అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. అదే వివరంగా చెబుతాను.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో. ఫాదర్ క్రిస్మస్ వచ్చి జనాన్ని పక్కకు జరుపుతాడు. కింగ్ జార్జ్ వచ్చి తన గొప్పలు చెప్పుకుంటాడు. టర్కీ నైటో, బోల్డ్ స్లాషరో వచ్చి కయ్యానికి కాలు దువ్వుతాడు. కత్తులు కలుస్తాయి, ఒకడు చచ్చి పడిపోతాడు. డాక్టర్ని పిలుస్తారు. ఆయన ఫీజు పది పౌండ్లంటాడు, చివరికి ఐదుకి దిగుతాడు, సీసాలోంచి ఒక చుక్క పోస్తాడు, చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. ఆ తర్వాత భుజాన దుడ్డుకర్ర, చేతిలో పెనం పట్టుకుని బీల్జెబబ్ అనే దయ్యం వస్తాడు, వీపున బొమ్మల సంసారాన్ని మోసుకుంటూ జానీ జాక్ వస్తాడు, డబ్బులు అడుగుతారు. అంతా కలిపి పన్నెండు, పదిహేను నిమిషాలు.

ఆ పన్నెండు నిమిషాల్లో అన్నిటికంటే కష్టమైనవి మొదటి ముప్పై సెకన్లు. థియేటర్‌కి వచ్చినవాళ్లు నాటకం చూడడానికే వస్తారు. పబ్బుకి వచ్చినవాళ్లు అలా కాదు. ఒకరు పుట్టినరోజు చేసుకుంటుంటారు, ఒకరు బాస్ మీద కోపం వెళ్లగక్కుతుంటారు, ఒక జంట ఎప్పటికో మాట్లాడుకుంటూ ఉంటుంది. వాళ్ల మధ్యకి మనం పిలవకుండా వెళుతున్నాం. అందుకే చాలా ఊళ్ల నాటకంలో మొదటి మాటే ‘రూమ్, రూమ్’ అని ఉంటుంది. జరగండి, చోటివ్వండి అని. అది అలంకారం కోసం పెట్టిన మాట కాదు, తలుపు దాటి లోపలికొచ్చినవాడు నిజంగా చేయాల్సిన పని.

ఇది నాకు దెబ్బతిన్నాకే అర్థమైంది. రెండో ఏడు, మూడో పబ్బు. నెల ముందు మాకు సరేనన్నాయన ఆ రాత్రి డ్యూటీలో లేడు, ఉన్నవాళ్లకి సంగతి తెలియదు, పెద్ద టీవీలో ఫుట్‌బాల్ నడుస్తోంది. బయట చలి, లోపలికి వెళ్లాలనే తొందర. ఏడుగురం ఒకేసారి తోసుకుంటూ వెళ్లిపోయాం. కింగ్ జార్జ్ గొంతు చించుకుని చెబుతుంటే అవతల గోల్ పడింది. ఆ అరుపుల్లో ఆయన మాట ఆయనకే వినపడలేదు. బార్ దగ్గరున్న ఒకావిడ నెమ్మదిగా, ‘బాబూ, ఇవాళ వద్దు’ అంది. సగంలో ఆపి బయటికొచ్చాం. చాలా బాధేసింది. కానీ తప్పు వాళ్లది కాదు. మేం చోటు అడగలేదు, ఆక్రమించాం.

అప్పట్నుంచి మా పద్ధతి మారింది. డిసెంబరు మొదటి వారంలోనే ఒకసారి వెళ్లి మాట్లాడతాం, వెళ్లే రోజు పొద్దున మళ్లీ ఫోన్ చేసి ఆ రాత్రి డ్యూటీలో ఉండేవాళ్ల పేరు కనుక్కుంటాం. టీవీ, పాటలు పన్నెండు నిమిషాలు ఆపగలరా అని ముందే అడుగుతాం. క్రిస్మస్‌కి ముందు వచ్చే శుక్రవారం అసలు పెట్టుకోం, ఆఫీసు పార్టీల గోలలో దేవుడు దిగొచ్చినా వినపడదు. లోపలికి ముందు ఫాదర్ క్రిస్మస్ ఒక్కడే వెళతాడు. గది మధ్యలో నిలబడి కర్రతో నేల మీద మూడుసార్లు కొడతాడు, ఆగుతాడు. తొందరపడి మాట మొదలుపెట్టడు. దగ్గరి బల్లవాళ్లు తల తిప్పుతారు, వాళ్లని చూసి పక్క బల్లవాళ్లు తిప్పుతారు. మాటల హోరు ఒక మూల నుంచి ఇంకో మూలకి తగ్గుతూ పోవడం మీకే తెలుస్తుంది. అప్పుడు చోటడుగుతాడు. కుర్చీలు కిర్రుమంటూ వెనక్కి జరుగుతాయి. ఆ చప్పుడు వినపడిందంటే ఇక మీకు భయం లేదు.

యాస సంగతి. ఈ నాటకంలో ప్రతి పాత్రా రాగానే ‘ఇన్ కమ్స్ ఐ’ (ఇదిగో నేనొచ్చాను) అంటూ తన పేరు తనే చెప్పుకుంటుంది. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం అది తప్పే, కానీ అదే దాని ముద్ర. మన భాగవతాల్లో పాత్ర తెర దాటి వస్తూ నేను ఫలానా అని ప్రవేశ దరువు పాడుతుందే, అదే పని ఇది. మధ్యలో వచ్చినవాడికీ, వెనక నిలబడ్డవాడికీ ఎవరు ఎవరో తెలియాలి. ఇందులో మనసులోపలి భావాలు పలికించే నటన అక్కర్లేదు. జనం వైపు తిరిగి, నిటారుగా నిలబడి, ప్రతి పాదం చివర గొంతు దించకుండా గట్టిగా చెప్పాలి, అంతే. ఒకప్పుడు ఇవి చెప్పింది పొలం కూలీలు, వాళ్లవాళ్ల ఊరి యాసల్లో. మీ యాస కూడా ఒక ఊరి యాసే. మాటలు కాగితం మీద కాకుండా, నడుస్తూ పైకి చెప్పుకుంటూ నేర్చుకోండి. నేను రోజూ స్టేషన్‌కి నడిచే ఇరవై నిమిషాల్లోనే నేర్చుకున్నాను.

నాలుగేళ్ల కిందట మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు చూడ్డానికి తీసుకెళ్లాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. మూల బల్ల దగ్గర శాలువా కప్పుకుని కూర్చుంది. రాజు పడిపోగానే అయ్యో అంది, డాక్టర్ బేరం మొదలుపెట్టగానే నవ్వింది, డబ్బా తన దగ్గరికి రాగానే నా కోటు జేబులో చెయ్యి పెట్టి తనే చిల్లర తీసి వేసింది. ఇంటికొచ్చాక, ‘ఇది పగటి వేషమే కదరా, మీ అమ్మమ్మ చేటతో బియ్యం తెచ్చి పోసేది గుర్తుందా’ అంది. నాకు గుర్తుంది. చలికాలంలో పనులుండని రోజుల్లో ఇక్కడి కూలీలూ ఇలాగే వేషం కట్టుకుని, పెద్ద ఇళ్ల ముందూ సత్రాల్లోనూ ఆడి, నాలుగు డబ్బులూ తిండీ సంపాదించుకునేవాళ్లు. రెండిటికీ చుట్టరికం ఉందని నేననను. ఆకలికీ వేషానికీ ఉన్న బంధం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇక టర్కీ నైట్. దీని గురించి కాస్త ఆలోచించండి. మా బృందంలోనూ నాకు మొదట అదే ఇవ్వబోయారు. వాళ్ల మనసులో చెడు లేదు, ఆ వేషం ఖాళీగా ఉంది, నేను కొత్తగా వచ్చాను. కానీ గదిలో తూర్పు దేశాల నుంచి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే అయినప్పుడు, తూర్పు నుంచి వచ్చిన శత్రువు వేషం నా మీద వేషంలా కనబడదనిపించింది. రిహార్సల్‌లో ఆ మాటే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డాక్టర్ వేసే పెద్దాయన లేచి తన తోలు సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ ఏడాది నుంచి డాక్టర్ని నేనే, ఆయన బోల్డ్ స్లాషర్. మా నాటకంలో టర్కీ నైట్ ఇప్పుడు లేడు. నన్ను డాక్టర్ వేషంలో చూడగానే పబ్బుల్లో ఒక ఆప్యాయమైన నవ్వు వస్తుంది. ఇక్కడి ఆసుపత్రుల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో వాళ్లకి తెలుసు. మీకు టర్కీ నైట్ ఇష్టమైతే వేయండి, తప్పేం లేదు. ఇబ్బందిగా ఉంటే నోరు విప్పి చెప్పండి. ఈ జానపద కళల్లో ఇలాంటి మార్పులు కొత్త కాదు. 2020 జూలైలో మోరిస్ అనే ఇంగ్లీషు జానపద నృత్య బృందాల మూడు ప్రధాన సంఘాలు కలిసి, ముఖమంతా నల్లరంగు పూసుకోవడం ఆపాలని ప్రకటించాయి. సెయింట్ జార్జ్ చాలా చోట్ల కింగ్ జార్జ్‌గా మారడం కూడా 1714 నుంచి 1830 దాకా వరసగా నలుగురు జార్జ్ రాజులు ఏలిన ప్రభావమేనని చాలామంది అంటారు.

ఎవరైనా మీతో ఇది క్రైస్తవానికి ముందునాటి, వేల ఏళ్ల పూజ అంటే ఔనని తలూపకండి. ఒకప్పుడు పండితులూ అలాగే రాశారు. కానీ ఈ చావు, డాక్టరు, తిరిగి లేవడం ఉన్న నాటక పాఠాలు దొరికేది పద్దెనిమిదో శతాబ్దం నుంచే. అందువల్ల దాని విలువ తగ్గదు. ఊరూరికీ దాని కాలమూ, తీరూ మారతాయి: చెషైర్‌లో నవంబరు మొదట్లో గుర్రపు పుర్రెతో వచ్చే సోల్‌కేకర్లనే నాటక బృందాలు, లింకన్‌షైర్ వైపు జనవరిలో నాగలి నాటకాలు, యార్క్‌షైర్‌లోని హెప్టన్‌స్టాల్‌లో గుడ్ ఫ్రైడే నాటి పేస్ ఎగ్ నాటకం. గ్లోస్టర్‌షైర్‌లోని మార్ష్‌ఫీల్డ్‌లో డిసెంబరు 26 పొద్దున కాగితపు దుస్తులతో ఆడతారు. వీలైతే ఆ రోజు వెళ్లి చూడండి, ఒక పూటలో మీకు సగం విద్య వచ్చేస్తుంది.

మా దుస్తులూ కాగితాలే. పాత కోటు మీద వాల్‌పేపర్ పీలికలు వరసలుగా కుట్టుకుంటాం. తాటాకు ఇల్లు కప్పినట్టు కింది నుంచి పైకి రావాలి, పై వరస కింది కుట్టుని కప్పాలి. పైనుంచి మొదలుపెడితే కుట్లన్నీ బయటపడతాయి. న్యూస్‌పేపర్ వద్దు, వాన తగిలితే ముద్దయిపోతుంది, సిరా మెడకి అంటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం: పాత పబ్బుల్లో కట్టెల పొయ్యి మండుతూ ఉంటుంది, బల్లల మీద కొవ్వొత్తులుంటాయి. లోపలికి వెళ్లగానే పొయ్యి ఎటుందో చూసుకోండి, చచ్చి పడేటప్పుడు దానికి దూరంగా పడండి. మా దగ్గర ఒకరు నాటకం సాగినంతసేపూ పొయ్యికి అడ్డంగా నిలబడే పని మాత్రమే చేస్తారు. దూలాలు తలకి తగిలేంత కిందికి ఉంటాయి కాబట్టి చెక్క కత్తిని తల పైకి ఎత్తే దెబ్బ మాకు లేనే లేదు, అన్నీ నడుము ఎత్తులోనే.

నాటకానికి లైసెన్స్ గురించి దిగులొద్దు. 2013 నుంచి ఇంగ్లండ్‌లో ఉదయం 8 నుంచి రాత్రి 11 లోపు, 500 మందికి మించకుండా చూసే నాటకానికి విడిగా లైసెన్స్ అక్కర్లేదు. చారిటీ పేరున డబ్బా పట్టుకుని పబ్బు పబ్బుకీ తిరగడం వేరే విషయం. ఇంటింటి వసూళ్ల మీద 1939 నాటి చట్టం ఉంది, పబ్బులూ దాని కిందికే వస్తాయి. మీ బృందం కౌన్సిల్ అనుమతి తీసుకుందో లేదో అడగండి. ఇప్పుడు చాలామంది జేబులో చిల్లర పెట్టుకోరు, కార్డు మెషిన్ ఒకటి ఉంచుకోండి. చప్పట్లు ఆగకముందే డబ్బా కదలాలి.

మందు సంగతి చివర్న పెట్టానంటే అది నిజంగా చిన్న విషయం కాబట్టే. పబ్బువాళ్లు మర్యాదకి ఏదో ఒకటి ఇస్తామంటారు. లైమ్ సోడా అడగండి. ఆరేళ్లలో ఎందుకు తాగవని నన్నెవరూ గుచ్చి అడగలేదు. పైగా కారు నడిపేవాడు దొరికాడని మావాళ్లకి సంతోషం, చివరి పబ్బు ఎప్పుడూ నడవలేనంత దూరంలోనే ఉంటుంది మరి.

మీ మొదటి రాత్రి ఎప్పుడో, ఏ ఊళ్లోనో ఇక్కడ రాయండి. బేసింగ్‌స్టోక్ నుంచి గంట ప్రయాణంలోపైతే తప్పకుండా వస్తాను. చోటడిగినప్పుడు ముందుగా కుర్చీ వెనక్కి జరిపేది నేనే.