మోడ్ మార్చానండీ, నీలం తెర వచ్చేసింది

పోయిన సంచికలో పాత కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డి (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) పెట్టుకోండి, ప్రాణం లేచొస్తుంది అని రాశాను కదా. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో చాలా మటుకు బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో, శాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) దగ్గరే ఆగిపోయాయి. తప్పు నాదేనండి, డిస్క్ పెట్టమన్నాను గానీ మోడ్ సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఈసారి అన్నీ వాటికే జవాబులు.

ప్రశ్న: గురువుగారూ నమస్తే. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నా డెస్క్‌టాప్ 2012లో కొన్నది, హెచ్61 బోర్డు, విండోస్ 7. మొన్న భీమవరం వెళ్ళి ఎస్‌ఎస్‌డి కొని, షాపులో కుర్రాడితోనే పాత డిస్క్‌లో ఉన్నదంతా దాంట్లోకి దింపించాను. ఆ అబ్బాయే బయాస్‌లో ఐడీఈ అని ఉంది, ఏహెచ్‌సీఐ పెట్టుకోండి స్పీడొస్తుంది అన్నాడు. ఇంటికొచ్చి మార్చాను, విండోస్ బొమ్మ వచ్చి అర సెకను నీలం తెర మెరిసి మళ్ళీ మొదటికి, ఇలా పదిసార్లు. తిరిగి ఐడీఈ పెడితే శుభ్రంగా వస్తోంది. ఎస్‌ఎస్‌డి పోయిందంటారా, వెనక్కిచ్చేయమంటారా?
— పాలకొల్లు పాఠకుడు

జవాబు: ఇవ్వకండి బాబూ, దానికేం కాలేదు. ఐడీఈలో శుభ్రంగా వస్తోందని మీరే రాశారు కదా, డిస్క్ పోతే అది కూడా రాదు. ఆ నీలం తెర ఒక్క క్షణం నిలిచుంటే కింద చివర్లో 7బి అని ఉండే ఒక నంబరు కనపడేది, బూట్ అవ్వాల్సిన డిస్క్ నాకు అందట్లేదు మొర్రో అని విండోస్ ఏడవడం అది.

సంగతేంటంటే, బోర్డు మీద డిస్కుల్ని నడిపే శాటా కంట్రోలర్ ఒకటే గానీ అది రెండు మూడు వేషాలు వేస్తుంది. ఐడీఈ మోడ్‌లో పెడితే పాతకాలం వెడల్పు రిబ్బన్ కేబుల్ డిస్కుల్లా నటిస్తుంది, పాత విండోస్‌లు కంగారు పడకుండా ఉండటానికి. ఏహెచ్‌సీఐ అంటే 2004లో ఇంటెల్ వాళ్ళు తెచ్చిన పద్ధతి, శాటా తన అసలు రూపంలో మాట్లాడేది. మీ విండోస్ 7ని ఎక్కించిన రోజు మోడ్ ఐడీఈలో ఉంది, కాబట్టి అది ఐడీఈ డ్రైవర్‌ని, అంటే ఆ మోడ్‌లో డిస్క్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్‌ని, బూట్‌లో లేపేలా రాసుకుని, ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని ఎలాగూ పని లేదు కదా అని పడుకోబెట్టేసింది. డ్రైవర్ డిస్క్‌లో ఉంది, లేకపోవడం కాదు, నిద్రలో ఉంది. మన కాలవల భాషలో చెప్పాలంటే మీరు నీళ్ళని కొత్త కాలవలోకి తిప్పేశారు గానీ అక్కడ తూము ఎత్తాల్సిన లస్కరు గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ముందు లస్కర్ని లేపాలి, తర్వాతే నీళ్ళు తిప్పాలి. ఈ వరస తెలిస్తే చాలు, ఇక్కడొచ్చిన ప్రశ్నల్లో సగం తేలిపోతాయి.

లేపడం ఎలాగంటే, ఐడీఈలోనే ఉంచి విండోస్‌లోకి రండి. రన్‌లో రెగ్‌ఎడిట్ అని కొట్టి లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ అలా వరసగా దిగండి, అక్కడ ఎంఎస్ఏహెచ్‌సీఐ అనే ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో స్టార్ట్ అన్నదాని విలువ మీకు 3 ఉంటుంది, దాన్ని 0 చేయండి. 3 అంటే పిలిస్తే వస్తా, 0 అంటే బూట్‌లోనే లేస్తా. ఇంకేమీ ముట్టుకోకండి, ఆ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, చెయ్యి జారితే మళ్ళీ నాకు ఇంకో ఉత్తరం రాయాల్సొస్తుంది. షట్‌డౌన్ చేసి, ఆన్ చేస్తూనే డిలీట్ కీ టపటపా కొట్టి బయాస్‌లోకి వెళ్ళి ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేయండి. ఈసారి విండోస్ వచ్చి కొత్త హార్డ్‌వేర్ దొరికింది అని కాసేపు హడావిడి చేసి ఇంకోసారి రీస్టార్ట్ అడుగుతుంది, చేసేయండి, అయిపోయింది. ఇదంతా మొదలుపెట్టే ముందు పిల్లల ఫోటోలూ పొలం కాగితాల స్కాన్‌లూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కన పెట్టుకోండి, ఇది నేను ప్రతిసారీ చెప్తాను, మీరు ప్రతిసారీ చేయరు.

విండోస్ 8, 10, 11 వాళ్ళకి రిజిస్ట్రీ జోలి అక్కర్లేదు. రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ కొట్టి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లోనే బయాస్‌కెళ్ళి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి పైకొచ్చాక ఆ టిక్ తీసేసి మళ్ళీ రీస్టార్ట్ చేస్తే సరి, సేఫ్ మోడ్‌లో విండోస్ తనకున్న డ్రైవర్లు తనే లేపుకుంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయండి. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ ఒక్కోసారి పనిచేయదు, అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే బయాస్ కదిపితే రికవరీ కీ అడగొచ్చు, 48 అంకెలు, అది ముందే రాసి పెట్టుకోండి లేదా ఆ తాళాన్ని కాసేపు సస్పెండ్‌లో పెట్టండి.

ఇక స్పీడ్ సంగతి. షాపు అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు గానీ కొంచెం ఎక్కువ చెప్పాడు. ఏహెచ్‌సీఐలో ఎన్‌సీక్యూ అని ఒక ఏర్పాటు ఉంది, డిస్క్ ఒకేసారి 32 పనులు చేతిలోకి తీసుకుని తనకి వీలైన వరసలో చేసుకుంటుంది. భీమవరంలో షేర్ ఆటో ఎక్కారనుకోండి, మొదట ఎక్కినాయన నరసాపురం, తర్వాతాయన పాలకొల్లు, చివరాయన వీరవాసరం. ఐడీఈ డ్రైవరు ఎక్కిన వరసలోనే దింపుతానని ముందు నరసాపురం పోయి, వెనక్కి పాలకొల్లు వచ్చి, ఇంకా వెనక్కి వీరవాసరం వస్తాడు. ఏహెచ్‌సీఐ డ్రైవరు దారిలో ముందు తగిలే వీరవాసరం దింపి, పాలకొల్లు దింపి, నరసాపురంలో ఆపి టీ తాగుతాడు. తిరిగే డిస్క్‌కి దీనివల్ల తల కదలడం తగ్గుతుంది, 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది మరి. ఎస్‌ఎస్‌డికి కదిలే తల లేదు గానీ ఒకేసారి నాలుగైదు పనులు అందిస్తే అన్నీ పక్కపక్కనే చేసేస్తుంది, చిన్న చిన్న ఫైళ్ళు బోలెడు చదివేటప్పుడు తేడా తెలుస్తుంది. ఒక పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే మాత్రం పెద్దగా ఏం తెలీదు. మీ హెచ్61 బోర్డులో పోర్టులన్నీ 3 గిగాబిట్ల శాటాయే, అంటే సెకనుకి 300 ఎంబీ లోపే, ఎస్‌ఎస్‌డి డబ్బా మీద 550 అని రాసున్నా మీకు అది రాదు, దానికి షాపతనితో గొడవకి దిగకండి. అసలు హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి పెట్టారు చూడండి, లాభంలో ముప్పాతిక వంతు అక్కడే వచ్చేసింది.

అన్నట్టు విండోస్ 7కి 2020 జనవరితో అప్‌డేట్లు ఆగిపోయాయి, బ్యాంకు పనులు దాంట్లో చేయకండి.

ప్రశ్న: సార్, బయాస్ అంతా గాలించాను, ఏహెచ్‌సీఐ అన్న మాటే లేదు. జీ41 బోర్డు. అప్‌డేట్ చేస్తే వస్తుందా?
— డిగ్రీ విద్యార్థి, తణుకు

జవాబు: రాదు తమ్ముడూ. జీ31, జీ41 బోర్డుల మీద మామూలుగా ఉండేది ఐసీహెచ్7 చిప్, ఆ మామూలు రకంలో ఏహెచ్‌సీఐ లేనే లేదు, బయాస్ ఎంత కొత్తది వేసినా లేనిది ఎక్కడి నుంచి తెస్తుంది. ఐడీఈలోనే ఎస్‌ఎస్‌డి పెట్టుకో, అయినా హాయిగానే ఉంటుంది. ఆ బోర్డు మీద ఇంకో రూపాయి మాత్రం పెట్టకు.

ప్రశ్న: అయ్యా, మాది అమలాపురంలో కొబ్బరి వ్యాపారం, లెక్కల కంప్యూటర్ ఒకటుంది. రాత్రి మెయిన్ కట్టేసి వెళ్తాం. పొద్దున ఆన్ చేస్తే తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంది, వెంటనే నీలం తెర. మెకానిక్ వచ్చి ఏదో నొక్కితే వస్తుంది, వచ్చినప్పుడల్లా మూడొందలు. ఈ నెలలో నాలుగోసారి. విండోస్ మళ్ళీ ఎక్కించాలంటున్నాడు.
— అమలాపురం వ్యాపారి

జవాబు: ఆయ్, ఎక్కించొద్దండి. బోర్డు మీద రూపాయి బిళ్ళ లాంటి బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్2032 అంటారు, 3 వోల్టులది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. అది అయిపోయింది. మీరు మెయిన్ కట్టగానే బయాస్ అన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకి పోతోంది, తేదీతో పాటు శాటా మోడ్ కూడా. మీ విండోస్ ఎక్కింది ఏహెచ్‌సీఐలో, మీ బోర్డు మర్చిపోయి వెళ్ళేది ఐడీఈకి అయ్యుంటుంది, పాలకొల్లు ఆయన ప్రశ్న తిరగేసినట్టు. మెకానిక్ వచ్చి నొక్కేది ఆ ఒక్క ఆప్షనే, మూడొందలు దానికే. ప్లగ్ పీకి, పాత బ్యాటరీ తీసి, కొత్తది రాతలున్న వైపు పైకి పెట్టి, తేదీ సరిచేసి, మోడ్ ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేయండి. సముద్రం గాలికి ఆ బ్యాటరీ గూడు పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి, మన కోనసీమలో అది మామూలే. సేవ్ చేశాక ఆ తెరని ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఇంకోసారి మర్చిపోయినా మీరే పెట్టుకోవచ్చు. ఆ మెకానిక్‌కి నిజంగా తెలీదో తెలిసే చెప్పలేదో నేను అనను లెండి.

ప్రశ్న: మండపేటలో రైస్ మిల్లు. కాటా సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీలోనే నడుస్తుంది, రాసిచ్చినాయన ఇప్పుడు లేడు. డిస్క్ మార్చి ఎక్స్‌పీ సీడీ పెడితే సగంలో నీలం తెర. ఇంకో కంప్యూటర్‌లో అదే సీడీ బానే నడుస్తోంది.
— మిల్లు గుమస్తా

జవాబు: మీరు సీడీ పెట్టిన బోర్డు ఏహెచ్‌సీఐలో ఉంది, ఎక్స్‌పీకి ఆ డ్రైవర్ పుట్టుకతోనే లేదు. ఇన్‌స్టాల్ మొదట్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవర్ ఇవ్వాలి, ఇవాళ ఫ్లాపీ ఎక్కడ వెతుకుతారు. బయాస్‌లో ఐడీఈ పెట్టేసి ఎక్కించండి, కాటా లెక్కకి ఏ స్పీడూ అక్కర్లేదు. నెట్ వైరు మాత్రం పీకేయండి. బోర్డు మార్చే రోజొస్తే పాత బోర్డే వెతుక్కోండి, ఇంటెల్ కొత్త చిప్‌సెట్లలో, అంటే 2015 నుంచి వచ్చిన 100 సిరీస్‌తో మొదలుపెట్టి ఐడీఈ మోడ్ తీసేశారు.

ప్రశ్న: రావులపాలెంలో ఫోటో స్టూడియో నాది. 2 టీబీ డిస్కులు రెండున్నాయి, రెయిడ్ పెడితే పెళ్ళి వీడియోలు సేఫ్ అంటున్నారు. ఏ రెయిడ్ పెట్టమంటారు? ఉన్న డేటా పోకుండా మార్చొచ్చా?
— స్టూడియో యజమాని

జవాబు: రెయిడ్ అంటే డిస్కుల్ని జత కట్టి ఒకే డిస్క్‌లా వాడటం, రెయిడ్ 0, రెయిడ్ 1 అని మీకు రెండు దారులండి. 0 అంటే ప్రతి ఫైల్‌నీ ముక్కలు చేసి రెండు డిస్కుల్లో పంచుతుంది, 4 టీబీ వస్తుంది, వేగం వస్తుంది, ఒక్క డిస్క్ పోతే రెండిట్లోదీ పోయినట్టే. పెళ్ళి వీడియోలకి అది వద్దే వద్దు, పెళ్ళి మళ్ళీ చేయించలేరు. 1 అంటే అద్దం, రెండిట్లో ఒకటే, మీకు 2 టీబీయే మిగులుతుంది, ఒకటి పోయినా రెండోదాంతో పని ఆగదు.

కానీ సేఫ్ అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. మీ కుర్రాడు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అద్దంలో కూడా అదే క్షణం పోతుంది. వైరస్ పట్టినా అంతే. బోర్డు కాలిపోతే ఆ జతని చదవడానికి మామూలుగా అదే రకం చిప్ ఉన్న బోర్డు వెతకాలి. ఇంకా మనం ఉన్నది గోదావరి పక్కన, 1986 వరద, 1996 నవంబర్ తుఫాను చూసిన వాళ్ళు మీ ఇంట్లోనే ఉంటారు, అడగండి, కింద గదిలో ఉన్న రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి. నా మాట వింటే ఏహెచ్‌సీఐలోనే ఉంచి, ఒక డిస్క్ మెషీన్‌లో, రెండోది బయట డబ్బాలో పెట్టి, ప్రతి పెళ్ళి అయ్యాక కాపీ చేసి ఇంకో ఊళ్ళో మీ అత్తగారింట్లో ఉంచండి. అదే డబ్బు, ఎక్కువ నిద్ర.

లేదు రెయిడ్ 1 కావాల్సిందే అంటే, ఉన్న డేటా ముందు బయటికి తీయండి, జత కట్టేటప్పుడు సాధారణంగా రెండు డిస్కులూ తుడిచేస్తుంది. మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కి మార్చే ముందు కూడా లస్కర్ని లేపే పని ఉంటుంది, పైన చెప్పిన సేఫ్ బూట్ దారే. కరెంటు పోయినప్పుడు జత తప్పి గంటల తరబడి మళ్ళీ సరిపోల్చుకుంటూ కూర్చుంటుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ ఆలోచనే పెట్టుకోకండి.

ప్రశ్న: కాకినాడ నుంచి. కొత్తగా ఇంటెల్ 12వ జనరేషన్ డెస్క్‌టాప్ కట్టించాను, ఎన్‌వీఎంఈ డిస్క్. బయాస్‌లో ఏహెచ్‌సీఐ ఉంది, అయినా విండోస్ ఇన్‌స్టాల్‌లో డిస్కే కనపడట్లేదు.
— ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: ఏహెచ్‌సీఐ అన్నది శాటా డిస్కుల సంగతమ్మా, ఎన్‌వీఎంఈ అనే ఈ కొత్తరకం ఎస్‌ఎస్‌డి ఆ దారిలో వెళ్ళదు, నేరుగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే బోర్డు మీది ఇంకో వేగమైన దారి మీద కూర్చుంటుంది. బయాస్‌లో వీఎండీ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది చూడు, అది ఆన్‌లో ఉంటే డిస్క్‌ని ఇంటెల్ తన వెనక దాచేస్తుంది, ఇన్‌స్టాల్ సెటప్‌కి ఆ డ్రైవర్ తెలీకపోతే ఖాళీ తెర చూపిస్తుంది. నీకు ఒకటే డిస్క్, రెయిడ్ అక్కర్లేదు, కాబట్టి వీఎండీ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకో. ఆపడం ఇష్టం లేకపోతే బోర్డు కంపెనీ సైట్‌లో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి, విప్పి పెన్‌డ్రైవ్‌లో వేసి, లోడ్ డ్రైవర్ దగ్గర చూపించు. మీ హాస్టల్‌లో ఎవరిదైనా విండోస్ ముందే ఎక్కించి వచ్చిన బ్రాండెడ్ మెషీన్ ఉంటే మాత్రం నువ్వు చేశావని వాళ్ళు కూడా వీఎండీ ఆపేస్తారు, ఆపొద్దని చెప్పు, పాలకొల్లు ఆయన చూసిన నీలం తెరే వాళ్ళకీ వస్తుంది.