రావడానికి 5 గంటలు, పోవడానికి రెండున్నరేనా?

ప్రశ్న: మావాడు దుబాయ్‌లో వెల్డింగ్ పని చేస్తున్నాడు, సంక్రాంతికి వస్తున్నాడు. ఫోన్‌లో టికెట్ పంపాడు. 11వ తేదీ రాత్రి 9.50కి అక్కడ ఎక్కి, 12వ తేదీ 2.50కి హైదరాబాద్‌లో దిగుతాడట. అంటే 5 గంటలు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం ఉదయం 10కి ఎక్కితే 12.30కే దుబాయ్ అని ఉంది. దూరం ఒకటే కదా, వచ్చేటప్పుడు మధ్యలో విమానం మారాలా? వాళ్ల నాన్న శంషాబాద్ వెళ్లి తీసుకొస్తామంటున్నారు.
– ఒక తల్లి, సోంపేట

జవాబు: టికెట్‌లో మధ్యలో ఇంకో ఊరి పేరు లేకపోతే అది నేరుగా వచ్చే విమానమేనమ్మా, భయం లేదు. టికెట్ మీద ఏ ఊరి టైమ్ వేస్తే అది ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. కాబట్టి వచ్చేటప్పుడు ఆ 5 గంటల్లోంచి గంటన్నర తీసేయండి, మూడున్నర. వెళ్లేటప్పుడు రెండున్నరకి గంటన్నర కలపండి, 4 గంటలు. చూశారా, మీరు అనుకున్నదానికి తిరగబడింది, మీవాడు ఇంటికొచ్చే ప్రయాణమే చిన్నది!

ఆ అరగంట తేడా గాలి వల్ల. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశంలో తిన్నగా కొలిస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. చలికాలంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి జోరుగా వీస్తుంది. విమానం వేగం గంటకి 850, గాలి 100 అనుకుందాం. దుబాయ్ మనకి పడమట కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలిలో 750 మిగులుతుంది, అంటే 3 గంటల 24 నిమిషాలు. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తే 950, అప్పుడు 2 గంటల 41 నిమిషాలు చాలు. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగడం, దారిలో వంపులు, ఇవన్నీ కలిపి టికెట్ మీద టైమ్ వేస్తారు. వానాకాలంలో దక్షిణాదిన పై గాలులు తూర్పు నుంచి వీస్తాయి కాబట్టి అప్పుడు ఈ తేడా తగ్గుతుంది.

దీనికంటే నాకు తేదీ గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. 12వ తేదీ 2.50 అంటే 11న రాత్రి మనం పడుకున్నాక వచ్చే తెల్లవారుజాము, 12న మధ్యాహ్నం కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు, పిల్లాడు దిగేసరికి వీళ్లింకా రైల్లోనే ఉంటారు. మీవారు 10వ తేదీ రాత్రికే పలాసలో రైలెక్కితే 11న హైదరాబాద్‌లో ఉంటారు, రైలు ఆలస్యమైనా ఫర్వాలేదు. తిరుగు ప్రయాణానికీ అంతే, 10 గంటల విమానం అంటే ఉదయం 7కల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి, కాబట్టి ముందు రోజే హైదరాబాద్ చేరుకోవాలి.

ఇంకొకటి, 2.50 అనేది విమానం ఆగే టైమ్. ఇమిగ్రేషన్ లైను, సామాను బెల్టు దాటి బయటికి రావడానికి ఇంకో గంట పట్టొచ్చు. నాలుగింటి దాకా కనబడకపోయినా టెన్షన్ పడొద్దని మీవారికి ముందే చెప్పి పంపండి.