లయన్‌ఫిష్ తొట్టిలో నాచు రాత్రికి రాత్రే ఎందుకు కరిగిపోయింది?

ప్రశ్న: భీమునిపట్నం దగ్గర రంగుచేపల యూనిట్ నడుపుతున్నాను. 1,500 లీటర్ల ఉప్పునీటి తొట్టిలో రెండు లయన్‌ఫిష్‌లు, ఒక చిన్న గ్రూపర్ ఉన్నాయి. రోజూ 100 గ్రాముల రొయ్య, చేప ముక్కలు వేస్తాను. నైట్రేట్ (మేత, చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునే నత్రజని లవణం) తగ్గుతుందని ఒడ్డున బండల మీద పెరిగే కేలెర్పా నాచు తెచ్చి వేశాను. గ్రూపర్ దాన్ని పదే పదే పీకేసింది. పోయిన వారం తెల్లారేసరికి నాచంతా తెల్లబడింది, నీళ్లు పచ్చటి పాలలా మారాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఏ మందు వేయాలి? ఈ చేపలతో ఏ నాచు పెరుగుతుంది?

జవాబు: ఇది తెగులు కాదు, మందు వేయకండి. కేలెర్పా తీగ ఎంత సాగినా అదంతా ఒకే కణం, లోపల అడ్డుగోడలు ఉండవు. సంతానోత్పత్తి సమయం రాగానే లోపలి పచ్చదనమంతా బీజకణాలుగా మారి నీళ్లలోకి వచ్చేస్తుంది. ఇక మిగిలేది తెల్లటి ఖాళీ తొడుగు. ముందురోజు దగ్గరగా చూస్తే ఆకులో రంగు సమంగా ఉండకుండా సన్నటి వలలా విడిపోయి కనిపిస్తుంది. అది కనిపించిన వెంటనే నాచు మొత్తం తీసేయాలి. కరిగిపోయాక మిగిలిన తొడుగులు కుళ్లి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, మీ చేపలు పైకి వచ్చింది అందుకే. ఇంకా తేరుకోకపోతే ఏరేటర్లు పెంచండి, తెల్లటి ముక్కలు ఏరేయండి, మూడో వంతు నీళ్లు మార్చండి.

లయన్‌ఫిష్, గ్రూపర్ మాంసాహారులు, నాచు తినవు. కానీ గ్రూపర్ తిరిగే చోట ఏదీ కుదురుగా ఉండనివ్వదు. కాబట్టి నాచుకు వేరే తొట్టి ఇవ్వండి. పెద్ద తొట్టి నుంచి పొంగే నీళ్లు 200–300 లీటర్ల టబ్బులోకి పడి, అక్కడి నుంచి పంపుతో తిరిగి పైకి వెళ్లాలి. పంపు ముందు వల కట్టండి, లేకపోతే తెగిన పోగులు అడ్డుపడతాయి. టబ్బులో కేలెర్పాకు బదులు గ్రాసిలేరియా అనే ఎర్రనాచు గానీ, తీగచుట్టలా పెరిగే కీటోమార్ఫా గానీ వేయండి. అడుగు నుంచి గాలి ఇస్తే నాచు మెల్లగా దొర్లుతూ అన్ని వైపులా వెలుతురు తీసుకుంటుంది. టబ్బు లైటు రాత్రిపూట వెలిగించండి. పెద్ద తొట్టి చీకట్లో ఉన్నప్పుడు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) పడిపోకుండా కాపాడుతుంది.

ఇక అసలు సంగతి మేత. కిలో రొయ్య, చేప ముక్కల్లో సుమారు 27 గ్రాముల నత్రజని ఉంటుంది. అందులో పావు వంతు చేప ఒంటికి పట్టిందనుకున్నా, 20 గ్రాములు నీళ్లలోకే వస్తుంది. కిలో పచ్చి గ్రాసిలేరియాను బయటికి తీస్తే పోయేది 3–4 గ్రాములే. మీరు రోజూ 100 గ్రాములు వేస్తున్నారు కాబట్టి ఆ నత్రజని నైట్రేట్‌గా మారి, తొట్టిలో అది వారానికి 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాకా పెరగగలదు. టబ్బులో కిలో నాచు బాగా పెరిగితే వారానికి 300 గ్రాములు కోతకు వస్తుంది, దాంతో తగ్గేది 3 పీపీఎం. నాచు ఒక్కదాన్నే నమ్ముకుంటే సరిపోదని అందుకే చెబుతున్నాను. ముందు మేత తగ్గించండి. ఎదిగిన లయన్‌ఫిష్‌కు, గ్రూపర్‌కు వారానికి మూడుసార్లు వేస్తే చాలు. అంతటితోనే ఆ 40 కాస్తా 18కి దిగుతుంది. మిగిలినది నీటి మార్పిడితో, వారం వారం నాచు కోతతో అదుపు చేయాలి. కోసిన నాచును బయటికి తీసి ఎండబెట్టండి. తొట్టిలోనే వదిలేస్తే అది పీల్చిన నత్రజని మళ్లీ నీళ్లలోకే చేరుతుంది.

చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే కాపర్ మందు ఈ నీళ్లలో కలపకండి, నాచు చచ్చిపోతుంది. చేపను వేరే టబ్బులోకి మార్చి వైద్యం చేయండి. తీరం నుంచి నాచు తెచ్చుకునేటప్పుడు పగడపు రాళ్ల జోలికి వెళ్లకండి. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

లయన్‌ఫిష్ వీపు ముళ్లలో విషం ఉంటుంది. పీకిన నాచు ముక్కల కోసం పెద్ద తొట్టిలో చెయ్యి పెట్టకండి, పొడవాటి పట్టుకర్ర వాడండి. ముల్లు గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ఉంచి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.