ఏ బోరు మంచిదంటారా? మా మామ రివాల్వర్ సంగతి చెప్తాను

ప్రాక్టీసుకు ఏ బోరు (గొట్టం లోపలి వెడల్పు) పిస్టల్ తీసుకోవాలి, ఆత్మరక్షణకు 9 ఎంఎం మేలా, .45 మేలా, తూటాలు ఏవి కొనాలి అని అడిగారు. మీరు అమెరికా వాళ్ల వీడియోలు బాగా చూస్తున్నట్టున్నారు. హైదరాబాద్‌లో ఆ పంచాయితీయే లేదు. 9 ఎంఎం మనలాంటి వాళ్లకు నిషేధిత బోరు. కమిషనర్ ఆఫీసు చుట్టూ తిరిగి లైసెన్స్ సంపాదించినా, మామూలుగా చేతికొచ్చేది .32, లేదంటే .22.

నేను ఆరేళ్లుగా .22తో కాలుస్తున్నాను (పతకాలు అడక్కండి). మా మేనమామకు బేగంబజార్‌లో హోల్‌సేల్ వ్యాపారం, కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్ ఉంది. కొన్న కొత్తలో నాలుగు గుండ్లు కాల్చాడట. అప్పటి నుంచి అది బీరువాలో అత్తయ్య పట్టుచీరల కింద ఉంటుంది. పెళ్లిళ్లలో మాత్రం దాని ముచ్చట తప్ప ఇంకోటి ఉండదు. ఒక ఆదివారం పట్టుబట్టి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాను.

మొదటి రెండూ కాగితానికి కూడా తగల్లేదు. "గాలి ఉన్నదిరా" అన్నాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంది. గుండు పేలలేదు. పేలకపోయినా గొట్టం మాత్రం బెత్తెడు కిందికి దిగింది! చప్పుడు లేదు, అదురు లేదు, అయినా మామ భుజం బిగుసుకుంది, కళ్లు మూసుకున్నాయి. ముందు రెండు గుండ్లూ ఎందుకు నేలలోకి పోయాయో అప్పుడర్థమైంది.

కోచ్ గట్టిగా "తెరవొద్దు సార్, టార్గెట్ వైపే పట్టుకోండి" అని ముప్పై దాకా లెక్కపెట్టాడు. ఒక్కోసారి తూటా ఆలస్యంగా పేలుతుంది. బయటికి తీసి చూస్తే తూటా మీద రివాల్వర్ పిన్ను కొట్టిన గుర్తు బాగానే పడింది, అంటే లోపం తూటాదే. ఇత్తడి మీద పచ్చటి చిలుము. తొమ్మిదేళ్ల నాటి సరుకు, పైగా ప్రతి వానాకాలం చెమ్మ తగిలింది. మామ ఇన్నాళ్లూ గల్లాపెట్టెకు కాపలా పెట్టుకున్నది దాన్నే.

తర్వాత కోచ్ మామను అటు తిరగమని, మూడు కొత్త తూటాలు, మూడు ఖాళీ కేసులు (పేలిపోయిన తూటాల డొల్లలు) కలిపి రివాల్వర్ నింపి ఇచ్చాడు. ఏది ఎప్పుడొస్తుందో మామకు తెలియదు. ఖాళీది వచ్చినప్పుడల్లా గొట్టం దిగుతూనే ఉంది. "నా చెయ్యే నన్ను మోసం చేస్తున్నదిరా" అన్నాడు.

అందుకే ప్రాక్టీసుకు .22 అంటాను, వాదించకండి. అదురు తక్కువ, ఖర్చు తక్కువ, చెయ్యి భయపడటం నేర్చుకోదు. మన ఊరి అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది .22తోనే. ఒకటే లోటు, .22లో నిప్పు రాజేసే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది కాబట్టి .32 కంటే ఎక్కువ గుండ్లు పేలకుండా పోతాయి. ప్రాక్టీసులో ఫర్వాలేదు, ప్రాణం మీదికొస్తే కుదరదు. ఇంటికి పెట్టుకునేదైతే .32 రివాల్వరే, అది కూడా తాజా తూటాలతో. కొట్టుకెళ్లి ఉత్తినే "32 ఇవ్వండి" అనకండి. రివాల్వర్‌కు అంచు ఉన్న పొడుగు తూటా, పిస్టల్‌కు పొట్టిది. ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు.

తుపాకీ ఉంటే ధైర్యం అనుకునేవాళ్లు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు ఒకసారి చదవండి. ఆత్మరక్షణ హక్కు ఉంది, కానీ అవసరానికి మించి హాని చేస్తే అది కాపాడదు. దానికి తోడు ఎన్నికలొచ్చాయంటే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యాలి. మామ 2023 నవంబరు ఎన్నికలకు ఇచ్చాడు, తెచ్చుకున్నాడు, 2024 మే ఎన్నికలకు మళ్లీ ఇచ్చాడు. దొంగలు ఆ నెలల్లో సెలవు తీసుకుంటారు కాబోలు.

ఇప్పుడు రోజూ రాత్రి తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, ఖాళీ కేసులతో గోడ మీది క్యాలెండర్‌లో తేదీకి గురి పెడుతున్నాడు. అత్తయ్య విసుగొచ్చి క్యాలెండర్‌ను వంటింట్లోకి మార్చేసింది.